చెరువు మట్టి కాని మట్టి

మా మామ ఆ మట్టిని అరచేతిలో పోసుకుని, బొటనవేలితో నలిపి, వాసన చూసి, "అచ్చం చెరువు మట్టి మాదిరే ఉండాది" అన్నారు. నల్లగా ఉంది. ఎండకు పగిలి పెళ్ళలు కట్టింది. నలిపితే మెత్తగా రాలుతోంది. ఆయన చోట మా వైపు సేద్యం తెలిసిన మనిషి ఎవరున్నా అదే మాట అనేవారు.

అది టౌనులో మురుగునీళ్ళు శుద్ధి చేసే చోట అడుగున దిగే మడ్డి. దాన్ని ఆరబెట్టి, చేలకు ఎరువుగా వేసుకోమని ఇస్తున్నారు. మామకు ఉరవకొండలో విత్తనాలు, ఎరువుల అంగడి ఉంది. ఊరి బయట రెండు చేలున్నాయి. కొత్త ఎరువు ఏది వచ్చినా ముందు తన చేనులో వేసి చూడందే అంగట్లో ఎవరికీ అంటగట్టరు. పెళ్ళయి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆయనలో నాకు మొదట నచ్చిన గుణం అదే. కాబట్టి ఈ మట్టి కూడా ముందు మా చేనుకే వచ్చింది.

మాది ఎర్ర గరుసు నేల. గట్టి వాన పడితే పైపొర కొట్టుకుపోయి చెరువులో చేరుతుంది. చెరువు ఎండిన ఏడాది ఆ ఒండ్రును తవ్వి మళ్ళీ చేలకు తోలుకుంటారు. చెరువు మట్టి ఎంత మందంగా పరిచినా చేనుకు చెరుపు లేదని ఇక్కడ పెద్దలు చెబుతారు, అది నిజం కూడా. మామ ఆ కొలతనే దీనికీ పెట్టుకున్నారు. రోడ్డు పక్క చేనుకు ట్రాలీల మీద ట్రాలీలు తోలించి, నేల ఎరుపు కనబడనంత మందంగా పరిపించారు.

"పల్చగా వెయ్యమన్నారన్నా, ఆడ" అన్నాడు ట్రాక్టరు తోలే అతను.

"చిటికెడు చిటికెడు చల్లనీకి ఇదేమన్నా పసుపు కుంకమా? ఆడ చెప్పేవాళ్ళకు చేను ఉండాదా?"

"నాకేం తెలుసప్పా. ట్రాలీ ఎత్తమంటే ఎత్తుతా, దించమంటే దించుతా."

"అయితే దించు."

మిగిలిన మట్టిని రెండో చేను గట్టున కుప్పగా పోయించారు. అది గుట్ట కింద ఉంటుంది కాబట్టి గుట్ట చేను అంటాం. రెండు చేలల్లోనూ వేసేది వేరుశనగే, మా మాటలో చెనిక్కాయ. రోడ్డు చేనులో పండింది అమ్ముతాం. గుట్ట చేనులో పండింది మేము తింటాం, విత్తనానికి దాచుకుంటాం. మా పాప నోట్లోకి పోయే చెనిక్కాయ గింజ, నూనె, కందిపప్పు అంతా అక్కడిదే. ఆ చేనుకు మట్టి తోలేలోపే పదును వాన పడి విత్తనం వేయాల్సి వచ్చింది. చెనిక్కాయ పీకినాక అక్కడా ఇంతే మందంగా పరుద్దాం అన్నారు మామ.

ఆ కుప్ప నాకు నిద్ర లేకుండా చేసింది.

నేను పుట్టింది ధర్మవరంలో, మగ్గాల ఇంట్లో. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను. పాప పుట్టినప్పటి నుంచి ఏ వస్తువు చూసినా అది దాని నోట్లోకి పోతే ఏమవుతుందో నాకు ముందే కనబడుతుంది. పెన్ను మూత, చింతగింజ, దోమల మందు బిళ్ళ. ఇది రాస్తూ కూడా మధ్యమధ్య లేచి వెళ్ళి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తున్నాను. కాబట్టి నా భయాన్ని ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు, అందులో వాళ్ళ తప్పు లేదు.

గుట్ట చేనులో కలుపు తీస్తున్న రోజు, గట్టు మీద చీర పరిచి పాపను కూర్చోబెట్టాను. తల ఎత్తి చూసేసరికి అది పాకుతూ పోయి కుప్ప దగ్గర ఉంది. మూతి చుట్టూ నలుపు. పరుగెత్తి వెళ్ళి, వేలు పెట్టి నోరంతా తుడిచి, బిందెలో నీళ్ళన్నీ దాని మూతికే పోశాను. అది గుక్కపట్టి ఏడ్చింది. మా అత్త నడుం పట్టుకుని లేచి నవ్వింది.

"మట్టి తినని బిడ్డ యాడుండాదే? నీ మొగుడు గోడ గీరి గీరి తిన్నాడు. ఇప్పుడు చూడు, గిత్త మాదిరుండాడు."

"ఇది ఆ మట్టి కాదత్తా."

"మట్టిలోనూ వేరేవేరే ఉండాయా?"

ఉన్నాయని నాకు తెలిసింది పుస్తకంలో కాదు, మా పుట్టింటి వీధిలో. పట్టుకు రంగులు అద్దే తొట్లు అక్కడ వరసగా ఉండేవి. కాలువలో ఒకరోజు ఎర్రనీళ్ళు పారేవి, ఒకరోజు పచ్చనీళ్ళు. ఈ వారం ఏ రంగు చీర మగ్గానికి ఎక్కుతుందో పిల్లలం కాలువ చూసి చెప్పేవాళ్ళం. ఊళ్ళో కాలువలన్నీ చివరికి ఒక చోటే కలుస్తాయి. రంగులు, బ్యాటరీ అంగళ్ళ కడుగునీళ్ళు, సబ్బులు, మందులు, మనుషుల మలం. అందులో మొక్కకు బలమిచ్చేవీ ఉంటాయి, మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోయే లోహాలూ ఉండొచ్చు. అందులో ఏముందో పరీక్ష చేయిస్తేగానీ తెలియదు. పైగా చెనిక్కాయ కొమ్మకు కాసేది కాదు. ఊడ దిగి నేలలోనే, ఆ మట్టి మధ్యనే ఊరే కాయ.

ఇదంతా మామకు చెప్పమని నా భర్తను అడిగాను. "నాయనకా? నేనా?" అన్నాడు. "నేను చెప్తే, అంగట్లో ఎరువు బస్తాలు నువ్వు ఎత్తు, సేద్యం నేను చూసుకుంటా అంటాడు. నీ మాటైతే వింటాడు. నువ్వే చెప్పు."

చెప్పాను. మామ చివరిదాకా విన్నారు. ఎవరు ఏం చెప్పినా ఆయన మధ్యలో అడ్డుపడరు. "నువ్వు చెప్పే రంగులతోనే కదా పాపా జనం పెండ్లి చీరలు కట్టింది" అని నవ్వారు. నన్నూ ఆయన పాపా అనే పిలుస్తారు. తర్వాత, "సరే. గుట్ట చేనుకు తోలేది ఇంకా దూరముండాది. ముందు రోడ్డు చేను ఏం చెప్తాదో చూస్తాం" అన్నారు.

రోడ్డు చేను మొదటి నెలంతా ఆయన పక్షమే చెప్పింది. నల్లని పచ్చదనం. ఆకు అరచేయంత. బస్సులో పోయేవాళ్ళు తల బయటపెట్టి చూసేవారు. దానితో పోలిస్తే గుట్ట చేను జ్వరం పడి లేచినట్టు పలచగా ఉండేది. ఇద్దరు ముగ్గురు రైతులు అంగడికి వచ్చి, ఏమేసినావన్నా అని అడిగారు. ఎప్పుడూ పంట ఇంటికి వచ్చేదాకా నోరు విప్పని మామ, ఆ పచ్చదనం చూసి ఈసారి ఆగలేకపోయారు. మాకూ ట్రాలీలు చెప్పించన్నా అని వాళ్ళంటే సరేనన్నారు.

ఊడలు దిగే వేళకు వానలు ఆగి బెట్ట పట్టింది. బెట్ట మాకు కొత్త కాదు. మబ్బు వస్తుంది, గాలి వీస్తుంది, మబ్బు బళ్ళారి వైపు పోతుంది. కానీ ఈసారి ముందు వాలింది రోడ్డు చేను. పొద్దు నెత్తికెక్కకముందే ఆకులు ముడుచుకునేవి. మామూలుగా చెనిక్కాయ ఆకు ఎండకు ముడుచుకున్నా చల్లపొద్దుకు విచ్చుకుంటుంది. ఇవి చీకటి పడినా వాలే ఉన్నాయి. గుట్ట చేను పలచగానే, పొట్టిగానే నిలబడి ఉంది.

అత్తా నేనూ గడ్డికి పోయినప్పుడు ఆమె చూపింది. రోడ్డు చేనులో ఒక మూల పెద్ద బండ ఉంది. ట్రాలీ తిరగలేక అక్కడ మట్టి పడలేదు. ఆ కాస్త జాగాలో పైరు నిమ్మళంగా ఉంది.

"ఆ మూలకు మాత్రం ఎవురు నీళ్ళు పోసినారు?" అంది.

అప్పుడు నాకు డిగ్రీలో చదివిన శిలీంధ్రం గుర్తొచ్చింది. మట్టిలో ఉంటుంది. మొక్క వేరులోకి దూరి అక్కడే కాపురం పెడుతుంది. వేరు చేరలేని సందుల్లోకి తన పోగులు పంపి భాస్వరం తెస్తుంది, నీళ్ళు తెస్తుంది. బదులుగా మొక్క తను వండుకున్న చక్కెరలో కొంత పెడుతుంది. చెనిక్కాయ వేరుకు నూగు తక్కువ, అందుకే ఆ సాయం దానికి మరీ అవసరం. పరీక్షలో దీని మీద వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అది నా కాళ్ళ కింద, నా బిడ్డ తినే పంట వేళ్ళలో ఉందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

బండ మూల నుంచి ఒక మొక్క, మట్టి వేసిన చోటు నుంచి ఒక మొక్క వేళ్ళతో సహా తవ్వి, తడి గోనెపట్టాలో చుట్టాను. అనంతపురంలో మాకు పాఠం చెప్పిన మేడమ్‌కు ఫోన్ చేస్తే రమ్మన్నారు. పాపను ఎత్తుకోవడానికి అత్త నాతో బస్సు ఎక్కింది. దారి పొడుగునా, "చెనిక్కాయ చెట్టును డాక్టరు తావకు తీసుకపోయే కోడలు నాకే దొరికింది" అని పక్క సీటామెకు చెబుతూనే ఉంది.

మేడమ్ ఏమీ మారలేదు. మరకల తెల్లకోటు, గట్టి గొంతు. వేళ్ళు కడిగించి, కాస్టిక్ నీళ్ళలో ఉడికించి వాటి రంగు పోగొట్టారు. తర్వాత వెనిగర్‌లో సిరా కలిపి అందులో నానబెట్టారు. ఖరీదైన రంగులు అక్కర్లేదట, పిల్లలు పెన్నులో పోసుకునే సిరా చాలట. వేరుకు పట్టని సిరా శిలీంధ్రానికి పడుతుందట.

బండ మూల వేరును ముందు మైక్రోస్కోపులో చూశాను.

చదువుకునేటప్పుడు చూసింది పాత స్లైడు, వెలిసిపోయిన మరకలు. ఇది వేరు. వేరు పొడుగునా నీలి పోగులు పరిగెత్తుతున్నాయి. కణం నుంచి కణానికి సందు చేసుకుని పోతున్నాయి. కొన్ని కణాల లోపలికి దూరి, అంత ఇరుకులో చెట్టులాగా కొమ్మలూ రెమ్మలూ వేశాయి. ఆ రెమ్మల దగ్గరే ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. అక్కడక్కడ గుండ్రటి తిత్తులు, వాటిలో దాచుకున్న నూనె. నా పుట్టిల్లు గుర్తొచ్చింది. మగ్గం మీద పడుగు అయిపోతే కొత్త పడుగును పాతదాని చివరకు పోగుపోగుగా అతుకుతారు. వేలికి బూడిద అద్దుకుని, ఒక్క పోగు కూడా తప్పకుండా మా అమ్మ అతికేది. ఈ పోగులు అంతకంటే ఎంతో సన్నం. అతికింది ఎవరో కనబడరు. నేలమీద మొక్కలకు సరైన వేళ్ళు రాకముందే ఈ స్నేహం మొదలైందని మేడమ్ ఒకప్పుడు క్లాసులో చెప్పారు. అన్నేళ్ళు ఎండలూ కరువులూ దాటి, వానకు మొహం వాచిన మా ఎర్రనేలలో, ఎవరూ పిలవకుండా, ఎవరికీ కనబడకుండా అది ఈ పని చేస్తూనే ఉంది. కళ్ళు చెమర్చాయి. సిరా ఘాటని చెప్పాను.

రెండో వేరు లావుగా, తెల్లగా, శుభ్రంగా ఉంది. అంతా వెతికితే రెండు మూడు చోట్ల తెగిన పోగు ముక్కలు కనబడ్డాయి. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళాక మేకులు మిగిలినట్టు.

"కడుపు నిండినవాడు అన్నం పెట్టే చుట్టాన్ని పలకరించడు. అంతే ఇది" అన్నారు మేడమ్. "ఆ మట్టిలో భాస్వరం దండిగా ఉంటుంది. మొక్కకు శిలీంధ్రంతో పని లేకపోయింది, తిండి పెట్టడం మానేసింది. బెట్ట వచ్చాక పిలిస్తే పలికేవాళ్ళు లేరు. లోహాలు ఎక్కువుంటే ఆ దెబ్బ కూడా తగులుతుంది. అయితే అమ్మాయ్, రెండు మొక్కలు చూసి తీర్పు చెప్పకు. ఆకు పెద్దదైంది, నీళ్ళ ఖర్చు పెరిగింది, అదీ ఒక కారణమే. ఆ మట్టి విషమనీ అనొద్దు. పరీక్ష చేయించి, పల్చగా, తినని చెట్లకు వేసుకోవచ్చు. బిడ్డ తినే కాయ ఊరే చోట మాత్రం పరీక్ష లేకుండా నేనైతే వెయ్యను."

అత్త అప్పటిదాకా పాపకు అరటిపండు తినిపిస్తోంది. "నన్నూ చూడనీండి" అని పాపను నా ఒడిలో వేసింది. ఒక కన్ను మూయడం రాక, చేత్తో మూసుకుని వంగింది. చాలాసేపు లేవలేదు.

"ఇది బూజు కదమ్మా" అంది చివరికి.

"ఆ జాతే. మంచి బూజు."

"పోయిన చోట మళ్ళా వస్తాదా?"

"మెల్లగా వస్తుంది. జొన్న, కంది లాంటివి వేస్తే వాటి వేళ్ళు పట్టుకుని వస్తుంది."

"పాలకు తోడేసినట్ల, ఆ బండ మూల మట్టి తీసి చేనంతా చల్లితే?"

మేడమ్ ఆమె వైపు తిరిగి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఆ తర్వాత గంటసేపు వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. ఎంత లోతు మట్టి తీయాలి, ఎండలో ఎందుకు ఆరబెట్టకూడదు, ఎప్పుడు చల్లాలి. నేను పాపను భుజాన వేసుకుని వరండాలో తిరిగాను. నా అత్త నా కాలేజీలో నా మేడమ్‌తో నా కంటే బాగా మాట్లాడుతుంటే చూడటం ఎంతో బాగుంది.

ఇంటికి వచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా మామకు అంతా చెప్పాను. ఆ వారమే కుప్ప పక్కకు ఇంకో రెండు ట్రాలీలు రావాలి. ఈసారి ఆయన వాదించారు.

"బూజుకు భయపడి సేద్యం మానుకుంటారా ఎవురన్నా?"

"మన అంగట్లో వ్యామ్ అని జీవ ఎరువు సంచుల్లో అమ్ముతారు కదా మామా. ఆ బూజే ఇది."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "వ్యామా? నేనమ్మేదా?"

"అదే. మన చేనులో అది ఊరికే ఉండేది."

"అంటే ఒక చేత్తో అమ్మి, ఒక చేత్తో పూడ్చినానంటావు."

అత్త వంటింట్లోంచి, "అంటాది, అంటాది. నేను కండ్లారా చూసినా" అంది.

"మరి చెరువు మట్టి తోలితే ఏం కాల్యా కదా? మా తాత కాలం నుంచీ తోలుతాండాం."

ఆ ప్రశ్న నేను బస్సులో నన్ను నేనే అడుక్కున్నాను. "చెరువు మట్టి మన మట్టే మామా. మన చేలల్లోంచి కొట్టుకుపోయిందే మళ్ళీ మనకు వస్తుంది. ఇది మన చేలది కాదు. రంగు ఒకటే."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. బండి తీసుకుని రోడ్డు చేనుకు పోయారు. తిరిగి వచ్చినప్పుడు రెండు చేతుల్లో రెండు మొక్కలున్నాయి. వేళ్ళను దీపం దగ్గర పెట్టి తిప్పితిప్పి చూశారు. కంటికి ఏమీ కనబడదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మట్టి వేసిన మొక్కకు ఊడలు కొన్ని నేలను తాకకుండానే ఎండిపోయి ఉన్నాయి. అది మాత్రం కనబడింది.

మరుసటి రోజు ఆయన చేసిన పని వల్ల ఆయనంటే నాకు గౌరవం రెట్టింపయింది. ట్రాలీలు వద్దని ఫోన్ చేసి అంతటితో ఊరుకోవచ్చు. అలా కాకుండా, తన మాట విని ట్రాలీలు చెప్పిన రైతులను అంగడికి పిలిపించి, నలుగురూ వినేలా, "నేను తొందరపడినా. చెరువు మట్టి కొలత దీనికి పెట్టినా, తప్పు. మీరు వెయ్యాకండి. వేస్తే పరీక్ష చేయించి పల్చగా, చెట్లకు వేసుకోండి" అని చెప్పారు. "నీకే తెలీకపోతే మాకేం తెలుస్తాదన్నా" అని ఒకాయన ఎగతాళి చేశాడు. "తెలిసినాకే కదప్పా చెప్తాండా" అన్నారు మామ. ఎరువుల అంగడి మాట మీద నడుస్తుంది. ఆ మాటను ఆయన తానే వెనక్కి తీసుకున్నారు.

గుట్ట చేను గట్టున ఉన్న కుప్పను ట్రాక్టరు పెట్టి ఎత్తించి, రోడ్డు వార కానుగ చెట్ల మొదళ్ళకు పలచగా వేయించారు. కుప్ప ఉన్న చోట నల్ల మరక మిగిలింది. దాన్ని ఆయనే చెలగపారతో, ఎర్ర నేల తేలేదాకా గీకారు. గుట్ట చేనుకు ఈ ఏడు ఎరువుకు గొర్రెల మంద నిలబెట్టేలా కాపరితో మాట్లాడుకున్నారు.

రోడ్డు చేనులో పశువుల మేతకు కట్టె పండింది, కాయ పండలేదు. "జీవాలకు పంట, మనకు పాఠం" అని అత్త దెప్పింది. మామ ఆ మాట పడ్డారు. వచ్చే వానలకు అక్కడ జొన్న, కంది. బండ మూల మట్టి ఎన్ని గంపలు కావాలో అత్త చూసుకుంటానంది.

గుట్ట చేనులో చెనిక్కాయ పీకడానికి మొన్న పోయాం. బెట్ట దెబ్బకు కాయ తక్కువే, గింజ గట్టిగా ఉంది. ఎప్పటిలాగే నా కళ్ళు ముందు గట్టు మీదికి పోయాయి. కుప్ప తీసిన జాగా చుట్టూ ఎవరో తుమ్మ కంప కొట్టి, ఒత్తుగా నాటి, తాడుతో బిగించారు. పిల్లి కూడా దూరలేదు.

"ఇదెందుకు మామా? గీకేశారు కదా?" అన్నాను.

"గీకినాను. నువ్వు నమ్మాల కదా" అన్నారు ఆయన చెట్టు పీకుతూనే. "కలుపు తీసే దినాల నుంచి చూస్తాండా. చేతులు చేనులో, కండ్లు ఆడ. ఇంక పని చెయ్యి పాపా."

పాపను గట్టు మీద చీరపై దించాను. పచ్చికాయ ఒకటి వలిచి, గింజను కొంగుకు తుడిచి, మెత్తగా నమిలి దాని నోట్లో పెట్టాను. అది చప్పరించి ఇంకోటి కావాలని చేయి చాపింది. నేను వెనక్కి తిరిగి నా సాలులోకి పోయాను. చాలాసేపు తల ఎత్తకుండా పీకాను.